నలభయ్యో నంబరు కోతి

ఒక పెద్ద అడవిలో... ఎంత పెద్దదంటారా? ఈ చివర ఒకడు తుమ్మితే, ఆ చివరోళ్ళు 'చిరంజీవ' అనేసరికి వీడి జలుబే తగ్గిపోయేది. కాళ్ళతో కొలిచినోణ్ణి, నాకు తెలుసు. నమ్మకపోతే మీరూ కొలుచుకోండి.

ఆ అడవిలో ఒక ఆట. ఒకడు వెలక్కాయ విసరాలి, ఎదరోడు దుడ్డుకర్రతో కొట్టాలి. కర్రకి దొరక్కుండా ఎవరి కాయలు ఎక్కువ పోతే వాళ్ళు గెలిచినట్టు. ఏటా ఎండలు ముదరకముందు మన పల్లపడవికీ, పైనున్న కొండడవికీ పందెం. గెలిచినోళ్ళు వేసవంతా మడుగులో ముందు తాగుతారు. ఓడినోళ్ళు వాళ్ళు వదిలింది తాగుతారు, వాళ్ళు చెప్పిన వరసలో. రెండడవులకీ ఆ మడుగు తప్ప ఇంకో చుక్క లేదు మరి.

మనవైపు విసిరే కుర్రకారు పన్నెండుమంది. అవతల తుప్పల్లో రోజూ చెయ్యి సాధకం చేసేవాళ్ళు. వాళ్ళలో ఎవడు గొప్పో తేల్చేది నక్క గవర్రాజు. ఎవరూ తేల్చమన్లేదు, తనే తేల్చేవాడు. పొద్దున్నే బండ మీద గోటితో లిస్టు గీకేవాడు. పులిరాజుకి ఆట తెలీదు, లిస్టు తెలుసు. లిస్టులో పైన ఎవడుంటే పందెంలో చోటు వాడికే.

ఇక తునికిచెట్టు నీడన ఒకటే వాదన. తుప్పల దాకా వెళ్ళి చూసినోడు మాత్రం ఒక్కడూ లేడు. ముళ్ళుంటాయంట! వార్తలన్నీ కాకి మోసేది.

"గున్నయ్యే ఒకటి!" అన్నాడు గవర్రాజు. గున్నయ్యంటే గున్న ఏనుగు. "ఆ తొండం చూశారా? ఇంకా పెరుగుద్ది!"

"పెరిగితే పెరిగింది, ఒక్క కాయ విసిరాడా?" ముళ్ళపంది నూకరత్నానికి ముళ్ళు లేచి నిలబడ్డాయి. "మన కోతిపిల్ల పైడి రోజుకి వంద విసురుద్ది. తొంభై ఎవడి కర్రకీ దొరకవు!"

"అంటే పది దొరికాయన్నమాట!" గవర్రాజు తొడ కొట్టాడు. "గున్నయ్యవి ఎన్ని దొరికాయే, కాకీ?"

"ఒక్కటీ లేదు," అంది కాకి.

"విసిరితే కదా దొరికేది, నీ మొహం మండా!"

"వాడి గొప్పే అది, వదినా!"

తొండ ఇటు చూసి తలూపింది, అటు చూసి తలూపింది. దానికి అదే ఉద్యోగం.

ఆ మాట తుప్పల్లోకి పాకింది. ఎలుగుపిల్ల భుజం పట్టేసిందని పడుకుంది. ఐదో నంబరల్లా మర్నాటికి రెండైంది. కొండముచ్చు కుర్రోడు తోక బెణికిందన్నాడు, మూడుకెక్కాడు. తోకకీ విసరడానికీ ఏం సంబంధమని అడిగినోడు లేడు. వారం తిరిగేసరికి పదకొండుమందీ మంచానపడ్డారు. అందరి పేర్లూ వెలిగిపోతున్నాయి.

పైడి ఒక్కతే ఆపలేదు.

"నాలుగురోజులు నొప్పనవే, పైకొస్తావ్," అంది నూకరత్నం.

"నొప్పి లేదు కదత్తా. నేనూ పడుకుంటే మడుగెవడు తెస్తాడు?"

మర్నాడు లిస్టులో పైడి నంబరు నలభై. ఉన్నదే పన్నెండుమంది కదా అంటారేమో. నాకు పెద్ద చదువు లేదు గానీ ఆ లెక్క నేనూ వేశాను. మధ్యలో ఇరవయ్యెనిమిది మంది ఇంకా పుట్టలేదు. వాళ్ళ తల్లుల కడుపులు చూసి రాసేశాడు గవర్రాజు.

అప్పుడొచ్చింది కొండడవి పెద్ద, ముసలి దుప్పి. నెల్రోజులుగా తుప్పల్లో నక్కి ఆట చూస్తున్నది అదొక్కటే.

"మీ నలభయ్యో నంబరుని మాకిస్తారా? బదులుగా మా ఒకటో నంబరుని ఇస్తాం," అంది.

"ఏడీ వాడు?" అన్నాడు గవర్రాజు.

దుప్పి ఆకుల్లో చుట్టిన నెమలిగుడ్డు తీసింది. "ఇందులో ఉన్నాడు. ఇంతవరకూ వీడి కాయ ఒక్కటి కూడా ఎవడి కర్రకీ దొరకలేదు."

గవర్రాజుకి కళ్ళు చెమర్చాయి. "నలభై ఇచ్చి ఒకటి తెచ్చానయ్యా!" అని అడవంతా ఊరేగాడు. పులిరాజు సరేనన్నాడు. పైడి వెళ్ళలేక వెళ్ళలేక, వెనక్కి చూసుకుంటూ కొండెక్కింది.

గుడ్డు మాత్రం తెల్లారేసరికి కనబడలేదు. "విశ్రాంతిలో ఉన్నాడు," అన్నాడు గవర్రాజు, మూతి తుడుచుకుంటూ.

పందెం రోజు వచ్చింది. మనోళ్ళకి పది కాయలు. గున్నయ్య గంభీరంగా నడిచొచ్చాడు. జనం ఈలలు. తొండంతో మొదటి కాయ తీశాడు. వాసన చూశాడు. నోట్లో వేసుకున్నాడు. వరసగా పదీ అలాగే పోయాయి.

"ఒక్కటన్నా దొరికిందా వాళ్ళకి?" అని గవర్రాజు గంతులేశాడు.

తర్వాత కొండడవి తరఫున పైడి దిగింది. మన అడవిపంది ఊపిన కర్ర గాలికి నా తలపాగా ఎగిరి మూడు కొండల అవతల పడింది గానీ, కాయ మాత్రం తగల్లేదు. పదికి తొమ్మిది దొరకలేదు. మడుగు కొండడవి పాలైంది.

ఎండలు ముదిరాయి. మడుగు గట్టు మీద వరస చూసే పని పైడికిచ్చారు. నాలిక వేలాడేసుకుని గవర్రాజు వచ్చాడు.

"ఏమ్మా పైడీ, బాగున్నావా? మా అడవి పిల్లవే కదే నువ్వు!"

"బాగున్నాను మావా. వరసలో నిలబడు. నీ నంబరు నలభై."

"అదేంటే! నా ముందు పదకొండుమందే ఉన్నారు!"

"మిగతా ఇరవయ్యెనిమిది మంది ఇంకా పుట్టలేదు మావా. వాళ్ళు పుట్టి, తాగి వెళ్ళాక నీ వంతు."

పక్కనే ఉన్న తొండ గట్టిగా తలూపింది.

నీతి: పేరు కావాలంటే ఏ పనీ చెయ్యకండి, దాహమేస్తే మాత్రం పని చేసినోళ్ళ కాళ్ళు పట్టుకోండి.