లైనులో మొదటివాడు

ఆదివారం పొద్దున్నే, దారిలో తినడానికి అన్నం ముద్దలు చుడుతూ యొషినో మొగుడు కెన్‌సాకుకి తాఖీదు ఇచ్చేసింది.

"చూడండి, మూడు చలికాలాలుగా టోక్యో నుంచి బస్సెక్కి పోయి, తోటలో కట్టే ఆ దీపాల సొరంగంలో ఫోటో దిగుతున్నాం. ఒక్కదాంట్లోనైనా మనిద్దరమే ఉన్నామా? పోయినేడు నా నెత్తి మీద ఎవడిదో మోచెయ్యి! ఈసారీ అంతే అయితే వచ్చే ఏడు మా అక్కతో పోతాను."

వదినగారితో వెళ్ళొస్తే ఏడాది పొడుగునా ఆ ముచ్చట్లే వినాలి. కెన్‌సాకుకి తింటున్న ముద్ద గొంతుకడ్డం పడింది.

సాయంత్రం కొండ కింద తోటలో బస్సు దిగారు. "వేడి టీ పట్రండి, నేను సొరంగం దగ్గరుంటా" అని ఆమె ముందు నడిచింది. అతను డబ్బాల్లో అమ్మే వేడి టీ రెండు కొన్నాడు. చలిగాలి చెవులు కోసేస్తోంది. పక్కనే మూసి ఉన్న కొయ్య తలుపు, దానిపైన చూరు కనిపిస్తే, కాసేపు చేతులు వెచ్చబెట్టుకుందామని దాని కింద నిలబడ్డాడు. పాపం, చేసిన తప్పల్లా అదే.

మూసిన తలుపు ముందు ఒక మనిషి బుద్ధిగా నిలబడితే మా జపానువాళ్ళకి ఒకటే అర్థం. ఒక జంట వచ్చి అతని వెనక నిలబడింది. దేనికని అడగలేదు. అడగడం ఏం మర్యాద? వాళ్ళ వెనక ఒక కుటుంబం, ఆ వెనక ఒక బస్సు జనం. కాపలాదారు పరుగున వచ్చి తాడు కట్టి, "లైను చివర ఇక్కడ" అన్న అట్ట పట్టుకున్నాడు.

"ఇంకా ఎంతసేపండీ?" వెనకనున్న పెద్దాయన వంగి అడిగాడు.

నిజం చెబితే ఇంతమంది పరువూ పోతుంది. "ఇంకొంచెం... అనుకుంటా" అన్నాడు కెన్‌సాకు.

ఫోను మోగింది. "ఏవండీ, ఎక్కడ చచ్చారు?"

"లైన్లో ఉన్నానే. మొదట నేనే."

"దేనికి?"

"అదే తెలీట్లేదు."

"మీ మొహం! ఇక్కడ సొరంగంలో నరపురుగన్నది లేదు. పరిగెత్తుకు రండి!"

"కాస్త నా చోటు చూస్తూ ఉంటారా?" అని పెద్దాయనకి వంగి దణ్ణం పెట్టి, కెన్‌సాకు ఒకటే పరుగు. తోటలోని జనమంతా అతని లైన్లోనే ఉన్నారు మరి! నీలం దీపాల కింద ఇద్దరే ఇద్దరు. యొషినోకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఫోటోలో ఎంత బాగా పడ్డామండీ!" అంటూ మొగుడి చెయ్యి పట్టుకుంది.

వాళ్ళటు ఫోటో దిగుతుంటే, ఇటు తోటమాలి లోపలినుంచి తలుపు తీశాడు. అన్ని కళ్ళు తనవైపే చూస్తుంటే కాదనలేక, పదేసిమందిని లోపలికి పంపాడు. లోపల చీపుళ్ళు, నీళ్ళ గొట్టాలు, ఒక గుడ్డి దీపం.

తిరుగు బస్సంతా అదే మాట. వెనక సీటావిడ యొషినోని పట్టుకుంది. "దీపాలు ఎక్కడైనా ఉంటాయండీ. ఆ ఒక్క దీపం, ఆ చీపుళ్ళ నీడలు... ఎంత ప్రశాంతంగా ఉందో! మీరు చూడలేదూ?"

యొషినో ఫోనులో ఫోటో మూసేసి మొగుడివైపు తిరిగింది. "మొదట నిలబడ్డవారు, చూసి రావద్దూ?"

వచ్చే ఏడు ఆ చీపుళ్ళ కొట్లో ఫోటో దిగాలట, జనం లేకుండా.