ఉత్తుత్తి లిఫ్టులో ముగ్గురు

మనసులో చేసిన పని దేవుడి లెక్కలోకి వస్తుందా రాదా అన్న సందేహం అత్తగారికి ఏళ్లుగా ఉంది. ఒంట్లో బాగోలేని రోజున ఆవిడ మంచంమీద కూర్చునే మనసులో గుడికి వెళ్లి వచ్చేది. వచ్చాక, నిజంగా వెళ్లినట్టేనా అని దిగులుపడేది.

ఆ రోజు పొద్దున్నే అల్లుడు ఒక పని పెట్టుకున్నాడు. అతను లిఫ్టులను నడిపే చిప్పులకు ప్రోగ్రాములు రాస్తాడు. కొత్తగా రాసినదాన్ని కంపెనీవాళ్లు అతనుంటున్న భవనంలోని లిఫ్టుకే ఎక్కించారు. అది అప్పుడప్పుడు అంతస్తుల మధ్య బిగుసుకుపోతోంది. మధ్యాహ్నం మేనేజరు వచ్చేలోగా కారణం చెప్పలేకపోతే ఉద్యోగం ఊడుతుంది. అందుకని ఇంట్లోనే ఎమ్యులేటర్ ముందు కూర్చున్నాడు. కంప్యూటరు చేత లిఫ్టు చిప్పు వేషం వేయించే సాధనం అది. ఆ ఉత్తుత్తి చిప్పును అడుగడుగునా ఆపి, దాని బుర్రలో ఏముందో చూడొచ్చు.

"ఒరేయ్, రెండుకీ మూడుకీ మధ్య ఆపేశాను," అని ఫోనులో స్నేహితుడికి చెప్పాడు. "లోపల ముగ్గురున్నారు. ఉండనీరా, వాళ్లకేం తొందర? కాఫీ తాగొచ్చి చూస్తా."

కాఫీ పట్టుకొస్తున్న అత్తగారి చెవిన ఆ మాట పడింది. కప్పు అక్కడే పెట్టి మెట్లదగ్గరికి పరుగెత్తింది.

"ఏమయ్యా వాచ్‌మన్! లిఫ్టులో ముగ్గురు ఇరుక్కుపోయారు!"

ఏ ఆపదకైనా వాచ్‌మన్‌కు తెలిసిన మందు ఒక్కటే. లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపేశాడు. సరిగ్గా అప్పుడే పై అంతస్తు మాస్టారు అందులో కిందికి దిగుతున్నారు.

"అయ్యా, లోపల ముగ్గురూ క్షేమమేనా?" అని వాచ్‌మన్ కేకేశాడు.

"ముగ్గురేమిట్రా? నేనొక్కణ్ణే!" అని మాస్టారు అరిచారు.

"అయ్యో, మిగతా ఇద్దరూ ఏమైనట్టు?" అంది అత్తగారు.

వాచ్‌మన్ టార్చి తీసుకుని లిఫ్టు గుంతలోకి వంగాడు. కిందింటావిడ అగ్నిమాపకవాళ్లకు ఫోను చేసింది.

"మాస్టారూ, పక్కన సరిగ్గా చూడండి!" అంది అత్తగారు మళ్లీ.

"జేబులో కూడా వెతకమంటారా అమ్మా?"

గోలకు అల్లుడు పరుగెత్తుకొచ్చాడు. "అత్తయ్యగారూ, ఆ ముగ్గురూ కంప్యూటర్లో ఉన్నారండీ!"

"అయ్యో బాబూ, అందులోకెలా వెళ్లారు?"

స్విచ్ మళ్లీ వేశారు. లిఫ్టు మాత్రం కదల్లేదు. తల పట్టుకోబోయిన అల్లుడు మధ్యలో ఆగాడు. స్విచ్ ఆపి వేసేసరికి బిగుసుకుందంటే, కారణం కరెంటు! ఎమ్యులేటర్‌లో చిప్పును ఆపితే కాలమూ ఆగేది. తలుపూ మోటారూ అన్నీ బుద్ధిగా ఎదురుచూసేవి. కరెంటు పోయి రావడమన్నది అందులో అతనెన్నడూ చేసి చూడలేదు. ఇంట్లోకి దూకి ఉత్తుత్తి కరెంటు తీసి ఇచ్చాడు. ఉత్తుత్తి లిఫ్టూ బిగుసుకుంది! చిప్పు నిద్రలేచేసరికి తలుపు సెన్సరు ఇంకా లేవడంలేదు. దాంతో తలుపు తెరిచే ఉందనుకుని చిప్పు కదలడం మానేస్తోంది.

"ఏం నాయనా, ముందు కంప్యూటర్లోవాళ్లని దించుతున్నావా?" అని లిఫ్టులోంచి కేక.

"తర్వాత మీరే, మాస్టారూ!"

సెన్సరు లేచేదాకా ఓపిక పట్టమని చిప్పుకు నేర్పి, కొత్త ప్రోగ్రాము ఎక్కించాడు. లిఫ్టు కిందికి దిగి తలుపు తెరుచుకుంది. ఎదురుగా అగ్నిమాపకవాళ్లు, వాళ్ల వెనకాల మేనేజరు.

సంగతంతా విని మేనేజరు అడిగాడు. "ఇన్నాళ్లూ దొరకనిది ఇవాళెలా దొరికిందయ్యా?"

అల్లుడు అత్తగారివైపు చెయ్యి చూపించాడు. "మా అత్తయ్యగారి వల్లండీ. ఆవిడ కేకెయ్యకపోతే నాకు తట్టేది కాదు."

పెళ్లయిననాటినుంచీ ఆవిడకు బాకీపడ్డ మంచిమాట అలా నలుగురిలో తీరింది.

"అయితే ఇకమీద మా లిఫ్టులన్నీ మీరే పరీక్షించాలమ్మా," అంటూ మేనేజరు పక్కకు జరిగి లిఫ్టులోకి దారి ఇచ్చాడు.

అత్తగారు ఆయనకు నమస్కారం పెట్టి, మెట్లమీదుగా పైకి వెళ్లింది.