సీలు విప్పని పాటలు

ఆ సోమవారం పొద్దున వెంకటేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. సంగారెడ్డిలో కంపెనీ బస్సెక్కాలి. పాశమైలారంలో దిగి, గేటు దగ్గర తన పేరు మీద వచ్చిన పార్సిల్‌ను చప్పుడు చేయకుండా టిఫిన్ సంచిలో వేసుకోవాలి. సాయంత్రం ఇల్లు చేరాక, భార్య సుమిత్ర వంటింట్లో ఉన్న సమయం చూసి బీరువాలో దాచేయాలి. దొంగసొత్తు దాచేవాళ్లు కూడా ఇంత శ్రద్ధ పెట్టరు. ఇంతకీ ఆ పార్సిల్లో ఉన్నవి పాటల సీడీలు.

వెంకటేశం ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు. లోపలికి వచ్చే ప్రతి డ్రమ్ముకూ సీలు సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం పెట్టడం ఆయన పని. పిచ్చి మాత్రం పాత ఇంగ్లీషు రాక్ పాటలది. కాలేజీ రోజుల్లో ఒక బ్రిటిష్ బృందం ఆల్బం క్యాసెట్టు ఆయన చేతికి చిక్కింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే ఆల్బంను సీడీల పెట్టెలుగా, ఒక్కో దేశానికి ఒక్కో రకంగా మళ్లీ విడుదల చేయడం మొదలుపెట్టారు. జర్మనీ పెట్టె వచ్చింది, బ్రిటన్ పెట్టె వచ్చింది, అమెరికా పెట్టె వచ్చింది. పాటలు మాత్రం అవే. వెంకటేశం మూడూ తెప్పించాడు, ఒక్కటీ విప్పలేదు. సీలు తీస్తే విలువ పోతుందని ఇంటర్నెట్‌లో పెద్దలు సెలవిచ్చారు మరి. పాట వినాలనిపిస్తే ఆ అరిగిపోయిన క్యాసెట్టునే గరగరమనిపించేవాడు.

"ఇనని పాటలు ఇంట్ల ఎందుకయ్యా? అన్నం వండి ఉట్టి మీద వెట్టి పక్కింట్ల అడుక్కతిన్నట్టున్నది" అని సుమిత్ర ఒకసారి అడిగింది.

"నీకు తెల్వదు. దాన్ని కలెక్షన్ అంటరు" అన్నాడు వెంకటేశం, ఏదో వ్రతకథ చెప్పినంత భక్తిగా.

నాలుగోది జపాన్ పెట్టె. బొమ్మా, ఇంగ్లీషు పేరూ లేని ఆ నల్లటి పెట్టె నడుముకు జపాన్ అక్షరాలతో ఒక కాగితపు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ చిరిగితే లోపల బంగారమున్నా కలెక్షన్ చేసేవాళ్లు ముట్టుకోరు. ఆ పట్టీ కోసం వెంకటేశం నెలల తరబడి కలవరించాడు. నాలుగోసారి అవే పాటలంటే సుమిత్ర ఊరుకోదు కాబట్టి ఫ్యాక్టరీ అడ్రసు ఇచ్చాడు. సొంత పార్సిళ్లు ఫ్యాక్టరీకి తెప్పించుకోకూడదని రూలుంది. పోయిన నెలే ప్రెషర్ కుక్కర్ తెప్పించుకున్న గుమాస్తాకు మెమో ఇచ్చారు.

గేటు దగ్గర సెక్యూరిటీ లింగం నవ్వుతూ సెల్యూట్ కొట్టాడు. "మీ డబ్బ ఈడ లేదు సార్. శుక్రవారం జపానోళ్లు వస్తున్నరు గద! జపాన్ నుంచి ఏదొచ్చినా సీదా పెద్దసారు రూంకు పంపుమన్నరు. జల్దీ పంపిన."

పెద్దసారంటే జనరల్ మేనేజర్ సుబ్బరాజు. జపాన్ ఆర్డరు కోసం ఏడాదిగా ముక్కోటి దేవతలకూ మొక్కుతున్న మనిషి. వెంకటేశం పరుగున వెళ్లేసరికి పై అట్టపెట్టె విప్పేసి ఉంది. సుబ్బరాజు బల్ల మీది సీడీల పెట్టె చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు.

"రావయ్యా వెంకటేశం! నీ పేరుకే పంపారంటే నువ్వు వాళ్లకి నేరుగా ఉత్తరాలు రాస్తున్నావన్నమాట. గట్టివాడివే! ఇంతకీ ఏంటోయ్ ఇది?"

వెంకటేశానికి ప్రెషర్ కుక్కర్ గుర్తొచ్చింది. "శాంపిల్ కావచ్చు సార్" అన్న మాట నోరు జారిపోయింది.

ఫ్యాక్టరీలో 'శాంపిల్' అన్న మాట అంటే చాలు, మిగతా పనులు వాటంతటవే జరిగిపోతాయి. స్టోర్స్ నర్సన్న వచ్చి, పరీక్ష కాని సరుకుకు అంటించే పసుపు చీటీని పెట్టెకు అడ్డంగా అంటించాడు. చీటీ అంచు సరిగ్గా పట్టీ మీద పడింది. ఆ తర్వాత సంచీలోంచి బ్లేడు, నమూనా తీసే పొడవాటి గొట్టం బయటికి తీశాడు.

"ఏం జేస్తున్నవ్ నర్సన్నా!" అని వెంకటేశం కేక పెట్టాడు.

"లోపల్కొచ్చిన సరుకు ఏదైనా సీలు కోసి నమూన తియ్యాలె సార్. మీరే గద నేర్పిండ్రు."

"వద్దు! వాళ్లొచ్చినంక వాళ్ల ముంగటనే ఇప్పాలె! జపానోళ్ల పద్ధతి గట్లనే ఉంటది!"

సుబ్బరాజు ముఖం వెలిగిపోయింది. "చూశావా నర్సన్నా, మర్యాదలు తెలిసినవాడంటే ఇలా ఉండాలి! పెట్టెను ఏసీ గదిలో పెట్టి తాళం వెయ్యి."

శుక్రవారం లోపల ఏదో ఒక కథ అల్లి పెట్టె బయటపడేసుకోవచ్చని వెంకటేశం ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి గురువారం దాకా కూడా నిలవలేదు. కొత్త మిషనొచ్చినా, కొత్త లారీ వచ్చినా పసుపు కుంకుమలు పెట్టందే ముట్టుకోని ఫ్యాక్టరీ అది. సుబ్బరాజు బొంతపల్లి గుడి నుంచి అయ్యగారిని పిలిపించాడు. అయ్యగారు మంత్రాలు చదివి, తడి పసుపులో ముంచిన వేలును నేరుగా కాగితపు పట్టీ మీదికి తెచ్చాడు.

"అయ్యగారూ, జెర పక్కకు వెట్టున్రి!"

"పక్కకు వెడితే పని గూడ పక్కకే పోతది నాయినా" అని అయ్యగారు మూడు బొట్లు పెట్టాడు. కొబ్బరినీళ్లు కూడా నాలుగు చుక్కలు చిందాయి. వెంకటేశం కర్చీఫుతో అద్దబోతే పసుపు పట్టీ అంతటా పరుచుకుంది. అయినా ఆయన అందరితో పాటు దండం పెట్టాడు. పెట్టెలో కొత్త మందు ఉందని, షుగరు తగ్గుతుందని క్యాంటీన్‌లో అప్పటికే చెప్పుకుంటున్నారు.

శుక్రవారం జపాన్ కంపెనీ పెద్ద మొరిసావా వచ్చాడు. జుట్టు నెరిసిన సౌమ్యుడు. మీటింగ్ హాల్లో, పట్టుగుడ్డ పరిచిన పీట మీద, పసుపు కుంకుమలతో కొలువైన పెట్టెను వంగి చాలాసేపు చూశాడు.

"మీరు పంపిన పెట్టె! ముట్టుకోకుండా కాపాడాం!" అన్నాడు సుబ్బరాజు ఇంగ్లీషులో.

"ఇది మేం పంపలేదు" అన్నాడు మొరిసావా, అంతే మర్యాదగా.

సుబ్బరాజు మెల్లగా వెంకటేశం వైపు తిరిగాడు. ఆర్డరు, ఉద్యోగం, పెట్టె మూడూ ఒకేసారి కళ్లముందు తిరిగాయి వెంకటేశానికి.

"అది నాది సార్. పాటల సీడీలు" అన్నాడు తెలుగులో.

సుబ్బరాజు ముఖం ఒక్క క్షణం నల్లబడింది. కానీ ముప్పై ఏళ్లు వ్యాపారంలో తల పండిన మనిషి. చటుక్కున అతిథి వైపు తిరిగి, "మీరు పంపలేదు సార్! మీ కోసం మేమే తెప్పించాం!" అన్నాడు. ఆ వెంటనే శాలువా కప్పేసి, పెట్టెను రెండు చేతులా అందించేశాడు.

మొరిసావా కళ్లు చెమ్మగిల్లాయి. తాను కాలేజీలో ఉండగా రోజూ విన్న పాటలట. ఆ సంతోషంలో కాగితపు పట్టీని ఒక్క లాగు లాగి, ఉండచుట్టి చెత్తబుట్టలో పడేశాడు.

"అయ్యో!" అని వెంకటేశం పైకే అనేశాడు.

"ఫర్వాలేదు. మా ఊళ్లో దీన్ని కొట్టు దగ్గరే చింపి పారేస్తాం" అని మొరిసావా నవ్వుతూ ఓదార్చాడు.

తర్వాత హాల్లోని కంప్యూటర్‌లో సీడీ పెట్టారు. వెంకటేశం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొదటి పాటలో డ్రమ్ములు ఆగాక, మెల్లగా, ఎక్కడో దూరాన ఒక గిటార్ మోగింది. ఇరవై ఏళ్లుగా క్యాసెట్టు గరగర ఆ గిటార్‌ను మింగేసింది. తాను ప్రాణంగా ప్రేమించిన పాటను తాను ఎన్నడూ పూర్తిగా వినలేదని తెలిసి వెంకటేశానికి ఏడుపొచ్చింది. ఆర్డరు వస్తుందన్న ఆనందమనుకుని సుబ్బరాజు ఆయన భుజం తట్టాడు.

సంతకాలయ్యాయి. జపాన్ పెట్టె జపాన్‌కే వెళ్లిపోయింది. "పార్సిల్ తెప్పించుకున్నందుకు మెమో సోమవారం ఇస్తాను. శభాష్ మాత్రం ఇవాళే తీసుకో" అన్నాడు సుబ్బరాజు.

వెంకటేశం ఇల్లు చేరీ చేరగానే బీరువా తెరిచి జర్మనీ పెట్టె తీశాడు. "సుమిత్రా, కత్తెర తే! ఇగ ఇప్పుతున్న. దాసుకున్నది సాలు, ఇద్దరం కూసోని ఇందాం."

సుమిత్ర వంటింటి గుమ్మంలోనే నిలబడింది. కత్తెర తేలేదు.

"మల్ల కొత్తగ కోసుడెందుకు? దాన్ని నేను పోయిన దసరకే ఇప్పిన, సీడీలు వంటింట్లనే ఉన్నయ్. నువ్వు డ్యూటీకి పోయినంక వీసీడీల వెట్టుకొని, ఇనుకుంటనే వంట జేస్త. ఆ డప్పులు ఆగినంక సన్నగ ఒక గిటార్ వస్తది సూడు, ఎంత మంచిగుంటదో!"

వెంకటేశం పెట్టెను ఎత్తి చూపించాడు. "మరి... ఈ సీలు?"

"మా నాగేశ్వరక్క మీ కంపెనీలనే ప్యాకింగ్ సెక్షన్ల చేస్తది గద. ఆమెతోని ఖాళీ పెట్టెలకు మల్ల ప్లాస్టిక్ ఏపిచ్చిన. మూడింటికీ. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే." సుమిత్ర కాస్త దగ్గరికి వచ్చింది. "జర్మనీ సీడీల మీద గీతలు వడ్డయ్. ఇంకో దేశంది ఏదన్న దొరికితే తెప్పియ్యరాదు?"

వెంకటేశం పెట్టెను ట్యూబులైటు కిందికి తీసుకెళ్లి, నాలుగు అంచులూ తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా చిన్న ముడత కూడా కనబడలేదు.

సోమవారం పొద్దున ఆయన ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్లి, వచ్చిన డ్రమ్ములన్నిటి సీళ్లూ చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టాడు.