వ్యాకరణ దోషం లేని సాక్ష్యం

ఉప్పాడలో దేవుడితో మాట్లాడదలచిన వారందరూ ఇకమీదట ఆదివారం ఉదయం, గంట కొట్టిన తరువాత, ప్రార్థన మందిరంలో, పుస్తకంలో ఉన్న ప్రకారమే మాట్లాడాలని మిషను కమిటీ వారు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఈ విషయంలో దేవుడి అభిప్రాయం కనుక్కోవడానికి వ్యవధి లేకపోయింది.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. ఆ చరిత్రాత్మక తీర్మానాన్ని అమలు జరిపే భాగ్యం ఉపదేశి ఏసుపాదం గారికి దక్కింది. ఏసుపాదం గారు సామాన్యులు కారు. రాజమండ్రిలో సాక్షాత్తూ మిషను దొరగారి దగ్గర చదువుకున్నారు. రోహిణి కార్తెలో కూడా నల్లకోటు విప్పరు. పాదిరి పట్టం ఒక్కటి దక్కితే ఆ కోటుకో అర్థం వస్తుందని చాలాకాలంగా కాచుకుని ఉన్నారు. అడ్డమల్లా రూతే.

రూతు అసలు పేరు లోవమ్మ. చేపలమ్ముకుని బతికే మనిషి. మొగుడు పల్లంరాజు తుపానుకి సముద్రంలో పోయిన ఏడు బాప్తిస్మం తీసుకుంది. రోజూ చేపలమ్మి వచ్చాక, ఒడ్డున బోర్లించిన పడవ పక్కన కూర్చుని కళ్ళు మూసుకునేది. అంతే. పాటా లేదు, పుస్తకమూ లేదు. మొదట్లో ఒక్కతే కూర్చునేది. తరువాత పక్కింటి వీరవేణి వచ్చి కూర్చుంది. చూస్తూండగా సగం పల్లె వచ్చి కూర్చుంది. మందిరంలో ఏసుపాదం గారు "ప్రియ సహోదరులారా" అంటే బెంచీలు వింటున్నాయి.

ఒక సాయంకాలం ఆయన గొంతు సవరించుకుని ఒడ్డుకు వెళ్ళారు.

"ఏం చేస్తున్నావమ్మా ఇక్కడ?"

"కూకున్నానండి, అయ్యగారూ."

"ప్రార్థనేనా?"

"ఏమోనండి. ఆయన కూకోమన్నారు, కూకున్నాను."

"ఎవరూ?"

"ప్రభువేనండి. మా ఆయన పోయాక ఇక్కడే ఆయన వల బాగుచేసుకుంటా ఏడుస్తున్నానండి. లోపల్నించి వినబడింది. 'ఆ వల ఇలా తే, నువ్వు కాసేపు కూకో' అన్నారు. గుండెలో మంట చల్లారిపోయిందండి."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూసి, ఏసుపాదం గారు చీవాట్లు పెట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మరచిపోయారు.

"మీతో ఏమంటారండి?" అని ఎంతో ఇష్టంగా అడిగింది రూతు.

"నాతోనా? నాకు చాలా పనులున్నాయమ్మా" అని ఆయన చక్కా వచ్చేశారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మందిరం తలుపులు మూసి, కోటు విప్పి, కింద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. సముద్రం హోరు వినిపించింది. బల్లి వినిపించింది. ఇంకేమైనా వినిపిస్తుందేమోనని చాలాసేపు చూశారు. ఆ తరువాత కళ్ళు తుడుచుకుని, కోటు తొడుక్కుని, రూతు మీద కమిటీకి రిపోర్టు రాశారు.

కమిటీ దిగింది. కమిటీ అంటే దొరగారు, దొరగారికి తెలుగు నేర్పిన మున్షీగారు. దొరగారి తెలుగు ఎంత స్వచ్ఛమైనదంటే, తెలుగువాళ్ళెవరికీ అర్థమయ్యేది కాదు. పల్లెవాళ్ళ తెలుగు దొరగారికి అర్థమయ్యేది కాదు. అందుచేత తెలుగులోంచి తెలుగులోకి తర్జుమా చేయడానికి ఏసుపాదం గారు మధ్యలో నిలబడ్డారు. మందిరం నిండా జనం. అంత జనం పోగవడం ప్రారంభోత్సవం తరువాత అదే మొదలు.

"ఓ స్త్రీ, ప్రభువు నీతో సంభాషించెనని నీవు వచించుట సత్యమా?" అన్నారు దొరగారు.

"ప్రభువు నీతో మాట్లాడారా అని అడుగుతున్నారమ్మా."

"ఔనండి. 'ఆ వల ఇలా తే, నువ్వు కాసేపు కూకో' అన్నారండి."

మున్షీగారు చెవులు మూసుకున్నారు.

"కూకో! లోకరక్షకుని నోట 'కూకో'! ఇది ఏ వ్యాకరణం? 'ఆసీనురాలవు కమ్ము' అని ఉండవలె!"

"అలాగంటే నాకు తెలీదు కదండీ" అంది రూతు. "అందుకే ఇలా అనుంటారు."

ఈ వాదం కమిటీకి నచ్చలేదు. గ్రంథభాషలో లేని దైవవాక్కు చెల్లదనీ, తాను అబద్ధమాడానని సంఘం ముందు ఒప్పుకునేదాకా రూతును ఆరాధనలో రొట్టె పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వకూడదనీ తీర్మానించారు. ఏసుపాదం గారు తర్జుమా చేశారు. రూతు ముఖం పాలిపోయింది.

"ఆ రొట్టె ముక్క కూడానా అండీ?" అంది. గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఒక్క చిక్కు వచ్చింది. ఇటువంటి తీర్మానం చదవాలంటే ఆ ఊరికంటూ పట్టం పొందిన పాదిరి ఉండాలి. ఉప్పాడకు పాదిరి లేరు. అందుచేత ఏసుపాదం గారికి అక్కడికక్కడే పరీక్ష పెట్టారు. ఆయన పది ఆజ్ఞలు తడుముకోకుండా చెప్పారు. ప్రవక్తల పేర్లు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చెప్పారు. ఇక మిగిలింది ఆఖరి ప్రశ్న.

"ప్రభువు నీ హృదయముతో ఎన్నడైనను మాటలాడెనా? ఏమనెను?"

బల్లి సంగతి చెబితే పట్టం రాదు. దొరగారు చూస్తున్నారు. జనం చూస్తున్నారు. ఏసుపాదం గారు కళ్ళు మూసుకున్నారు.

"మాటలాడెను. 'ఓ కుమారుడా, నీ చేతి వలను నాకొసంగి, నా చెంత ఆసీనుడవు కమ్ము' అనెను."

దొరగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వల! మనుష్యులను పట్టు వల! ఎంతటి గూఢార్థము!" అన్నారు. మున్షీగారు లేచి నిలబడి, "ఒక్క దోషం లేదు" అన్నారు. పట్టం ఖాయమైంది.

అంతలో గుమ్మం దగ్గర నుంచి రూతు పరుగెత్తుకొచ్చి ఆయన కాళ్ళ మీద పడింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆమె నోరు తెరవగానే మున్షీగారు మళ్ళీ చెవులు మూసుకున్నారు.

"మీతోనూ వల అన్నారా అండీ! ఇంతమంది పెద్దలు కాదంటుంటే నేనే ఏదో కలగన్నానేమో అనుకున్నానండి. ఆ మాట కూడా లేకపోతే ఇంక నాకేం మిగిలిందని భయమేసిపోయిందండి. మీతోనూ అదే అన్నారంటే నిజమేనండి అయ్యగారూ, నిజమే!"

చేపల వాసన వేస్తున్న ఆ చేతులు ఆయన పాదాలను వదలలేదు. ఏసుపాదం గారు వంగి ఆమెను లేపబోయారు. నోరు తెరిచారు కూడా.

"ఆమె ఏమనుచున్నది?" అన్నారు దొరగారు.

పాదిరి ఏసుపాదం గారు నిటారుగా నిలబడ్డారు.

"తాను అబద్ధమాడితినని ఒప్పుకొనుచున్నదండీ" అన్నారు.