గిద్యోను పెట్టిన నుమాయిష్

ఆ శనివారం పొద్దున గిద్యోను పెట్టుకున్న పని చిన్నదే. కొత్తగా వేసిన అయిదు బొమ్మలను మర్నాడు ప్రార్థన కాగానే మందిరం గోడకు తగిలించాలి. వాడలో వాళ్లకు చూపించాలి. సోమవారం బస్సెక్కించి పట్నం తీసుకుపోవాలి. అంతకుమించి ఏమీ లేదు.

గిద్యోనుది మొయినాబాదు దగ్గరి పల్లె హిమాయత్‌నగర్. బండ్లకు రంగులు వేయడం, సమాధి రాళ్ల మీద పేర్లు రాయడం అతని బతుకుదెరువు. ఆ పని లేనప్పుడు పాత ధోతులను చట్రాలకు బిగించి, జిగురు పూసి, తన కోసం బొమ్మలు వేసుకునేవాడు. వాటిని చూసినవాళ్లు తలా తోకా తెలియడం లేదనేవారు. తల ఉన్నచోట తోకా, తోక ఉన్నచోట కిటికీ ఉండేవి మరి.

ఆ వాడ వాళ్లంతా ఒకప్పుడు కింద, వాగు ఒడ్డున ఒక చిన్న పల్లెలో ఉండేవారు. పట్నం నీళ్ల కోసం వాగుకు అడ్డంగా సాగర్ చెరువు కట్టినప్పుడు ఆ పల్లె మునిగింది. జనం మెట్టకెక్కి, కింద వదిలి వచ్చిన ఇళ్లలాంటివే పైన మళ్లీ కట్టుకున్నారు. గిద్యోను భార్య సారమ్మ మాత్రం పైకి రాలేదు. కట్ట సగం లేచిన ఏడు ఆమె జ్వరంతో పోతే, వాగు పక్క చెలకలో పూడ్చారు. నీళ్లు రావడానికి ఇంకా చాలా కాలం పడుతుందన్నారు. అనుకున్నదానికంటే ముందే వచ్చేశాయి. ఎముకలైనా తెచ్చుకుందామని గిద్యోను పార పట్టుకుని పోయేసరికి, చెలక ఇక్కడే అని చెప్పడానికి ఒక తాటిచెట్టు తల మాత్రం మిగిలింది. నాలుగు రోజుల్లో అదీ లేదు. సారమ్మ తల్లి పెంటమ్మ అప్పటి నుంచి ఆ చెరువు చేప ముట్టలేదు. అల్లుడూ అత్తా ఒకే కప్పు కింద బతుకుతున్నారు. ఇద్దరూ సారమ్మ పేరు ఎత్తరు.

పోయిన ఎండాకాలం, పట్నంలో డ్రాయింగు చెప్పే బాకర్ సాహెబ్ ప్రయాణిస్తున్న బస్సు మొయినాబాదులో చెడిపోయింది. అక్కడి చాయ్ దుకాణం మీద గిద్యోను వేసిన కోడిపుంజు ఉంది. దాని పొట్టకు తలుపు, లోపల వెలుగుతున్న దీపం. సాహెబు దాన్ని చూసి, ఆరా తీసి, నడుచుకుంటూ హిమాయత్‌నగర్ వచ్చాడు. ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ చూశాడు.

"ఇసుంటి తస్వీర్లు ఫరంగీ ముల్కులల్ల గీస్తున్నరు మియా. దీన్ని సర్రియలిజం అంటరు. నీకు గిది ఎప్పటిసంది ఉన్నది?"

"నా భార్య పోయినప్పటిసంది సాబ్. దీనికి దవా ఉన్నదా?" అని అడిగాడు గిద్యోను.

సాహెబు నవ్వలేదు. కొత్తగా అయిదు వేసి పట్టుకురమ్మనీ, పట్నంలో నుమాయిష్ పెడుతున్నామనీ చెప్పి వెళ్లాడు. ఆ అయిదే ఇవి. పట్నం వాళ్లకంటే ముందు తనవాళ్లు చూడాలని గిద్యోను ఆశ.

జొన్నరొట్టె తింటూ చెప్పాడు. "అత్తమ్మా, రేపు మందిరం కాడ నుమాయిష్ పెడ్తున్న. వాడల అందరికి చెప్పిరా."

పెంటమ్మకు ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోది ఆ పొద్దున రొట్టెల చప్పుడులో ఉంది. నుమాయిష్ అంటే బొమ్మలూ వస్తువులూ పెట్టి చూపించడమని ఆమెకు తెలియదు, ఆ మాట జన్మలో వినలేదు. ఆమెకు తెలిసిన మాట పైమాయిష్. అంటే భూమి కొలత. ఆ మాటను ఆమె ఒక్కసారే విన్నది. గొలుసులతో కొలిచేవాళ్లు పాత పల్లెకు వచ్చిన రోజున. తరవాత పల్లె లేదు.

"పైమాయిషా?" అంది, చేతిలో పిండి ముద్ద అట్లాగే పట్టుకుని.

"ఔ, నుమాయిష్," అన్నాడు గిద్యోను, నోటినిండా రొట్టెతో. పెంటమ్మ పైమాయిష్ అనే మాటే పట్టుకుపోయి వాడంతా చెప్పివచ్చింది.

ఆదివారం ప్రార్థన కాగానే గిద్యోను బొమ్మలు తగిలించి వెనక్కి తిరిగి చూస్తే, వాడ వాడంతా అక్కడుంది. ఏనాడూ మందిరం ఛాయలకు రాని సత్తయ్య, అంతయ్య, ముత్తమ్మ కూడా వచ్చారు. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. గిద్యోనుకు గుండె నిండిపోయింది.

మొదటి బొమ్మలో వేపచెట్టు కొమ్మల మీద పిచ్చుకల్లా చేపలు వాలి ఉన్నాయి. రెండోదానిలో సత్తయ్య ఇల్లు, వంటింటి పొగ బుడగలు బుడగలుగా పైకి పోతోంది. మూడోదానిలో కీర్తన పాడుతున్నవాళ్ల తలపాగాలు తలలు వదిలి తేలుతున్నాయి. నాలుగోది పొట్టలో కిటికీ ఉన్న బర్రె, వెనక అంతయ్య కొట్టం. అన్నిటికంటే పెద్దది అయిదోది. సారమ్మ ఇసుర్రాయి ముందు కూచుని జొన్నలు విసురుతోంది. పిండి కింద పడడం లేదు, తెల్లగా పైకి లేస్తోంది. అయిదింటిలోనూ ఇళ్లకు, చెట్లకు, మనుషులకు బాగా పైన, ఈ చివరి నుంచి ఆ చివరికి నీలిగీత. నీళ్ల అంచు.

సత్తయ్య రెండో బొమ్మ ముందు నిలబడ్డాడు. అతను మాట్లాడే మనిషి కాదు. "గిద్యోనూ, గది నా ఇల్లేనా?"

"నీదే సత్తన్నా! దర్వాజ చూసి గుర్తుపట్టలే?"

"నీళ్లు గింత మీదికా?"

"ఇంకా మీదికి పోవాలె. బట్ట చాలలే."

అంతయ్య ముందుకొచ్చి గిద్యోను చేతులు పట్టుకున్నాడు. "జర కిందికి దించరాదు అన్నా? కనీసం నా కొట్టం కాడ?"

"కిందికి దించితె ఏముంటది అంతన్నా? లోతుంటేనే సాబులకు నచ్చుతది."

"సాబులు ఒప్పుకున్నరా?"

"రేపు తీస్కపోత. వాళ్లు మెచ్చితె ఇగ ఆగేదే లేదు. మొయినాబాదు గీస్త, చేవెళ్ల గీస్త, షాబాదు దాక గీసుకుంట పోత!"

ముత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు ఏడ్చారు. గిద్యోను కళ్లూ చెమర్చాయి. పట్నంలో బాకర్ సాహెబు తప్ప తన బొమ్మలు ఎవరికీ అర్థం కావనుకున్నాడు ఇన్నాళ్లూ. తనవాళ్లకు అర్థమయ్యాయి! కొంతసేపటికి సత్తయ్య ఇంటికి పోయి కోడిపుంజును తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "సాబులకు మా గురించి జర మంచిగ చెప్పు బాపు," అన్నాడు. గిద్యోను కంటే సత్తయ్య ఏడేళ్లు పెద్ద. తండ్రిని పిలిచినట్టు బాపు అనడం ఏమిటా అని గిద్యోను ఒక్క క్షణం అనుకున్నాడు. కళ మీద గౌరవం అయి ఉంటుందనుకున్నాడు.

బొమ్మలను గోడ మీదే ఉంచి, బస్సు పైన చోటు అడగడానికి మధ్యాహ్నం మొయినాబాదు నడిచాడు. దారిలో కనకమామిడి వైపు పోతున్న రెండు బండ్లు కనిపించాయి. మంచాలు, గాదెలు, పైన ముసలమ్మ. ఎవరింట్లోనో పెళ్లి కాబోలు అనుకున్నాడు. మొయినాబాదు చాయ్ దుకాణం దగ్గర జనం గుంపు కట్టారు. తను వేసిన కోడిపుంజు బొమ్మ కిందే ఒకతను చెబుతున్నాడు:

"చేవెళ్ల దాక మునుగుతదంట! సాగర్ కట్ట ఇంకా ఎత్తు లేపుతున్నరంట. హిమాయత్‌నగర్‌ల ఎవడో ఇంజినీరు దిగిండు. నక్షాలు గోడకు తగిలిచ్చి, నవ్వుకుంట చూపెడ్తున్నడంట. గంత కసాయోడిని చూడలే అంటున్నరు."

గిద్యోను అక్కణ్నుంచే వెనక్కి తిరిగాడు. మళ్లీనా! ఆ ఇంజినీరు ఎప్పుడొచ్చాడు? తను బొమ్మల ధ్యాసలో పడి చూసుకోనే లేదు. బస్సు మాట మరిచిపోయాడు. పైపంచె జారిపోతున్నా ఆగకుండా ఊరికి పరుగెత్తాడు. వాడ మొదట్లో అడుగు పెడుతూనే అరిచాడు.

"నీళ్లొస్తున్నయంట! చేవెళ్ల దాక మునుగుతదంట!"

అప్పటిదాకా కొంచెం అనుమానంలో ఉన్నవాళ్లు కూడా మంచాలు ఎత్తారు. సత్తయ్య తన ఇంటి దర్వాజ చౌకట్టుతో సహా ఊడబీకి బండి మీద కట్టేశాడు. అంతయ్య బర్రెలను చెల్లెలింటికి తోలేశాడు. షాబాదు నుంచి ముత్తమ్మ వియ్యంకుడు బండి తీసుకుని, తన కూతురిని తీసుకుపోవడానికి అప్పుడే దిగాడు.

"సత్తన్నా! ఇంజినీరు యాడున్నడు? పట్టుకొని అడుగుదాం పా!" అన్నాడు గిద్యోను రొప్పుతూ.

సత్తయ్య అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు.

"నువ్వే గదనే?"

ఆ తరవాత కాసేపు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. చివరికి గిద్యోను బండి మీదెక్కి గొంతు చించుకున్నాడు. "నుమాయిష్ అన్న! నుమాయిష్! బొమ్మలు! పైమాయిష్ ఎవడన్నడు? నీళ్లు లేవు, ఇంజినీరు లేడు! అది మన పాత ఊరు! నాకు నిద్రల అగుపడితె గీసిన!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయినసారి కూడా, నీళ్లు రావు, ఊరికే కొలుస్తున్నాం అన్నారు. ఆ సంగతి అందరికీ గుర్తుంది. దర్వాజ బండి మీదినుంచి దిగలేదు. ముత్తమ్మ మెల్లగా అడిగింది.

"మరి ముందుగాల చెప్పొద్దా కొడుకా? మేం సున్నం పెడ్తిమి గద."

"దేనికి?"

అందరూ మందిరం దిక్కు చూశారు. గిద్యోను అటు నడిచాడు.

నాలుగు బొమ్మల మీద సున్నం కొట్టేశారు. కోపంతో కాదు, భయభక్తులతో, జాగ్రత్తగా. ఇళ్లను తాకకుండా, నీళ్లున్నంత మేరా చీపురు కుంచెతో తెల్లగా పూసేశారు. నక్షా అనే ఆ పటంలో నీళ్లు లేకపోతే ఊళ్లోకీ రావు కదా. చేపలు పోయాయి, బుడగలు పోయాయి, తలపాగాలు పోయాయి. తడి తెలుపులో ఇళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి.

అయిదో బొమ్మ ముందు పెంటమ్మ కూచుని ఉంది. ఆమె చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. చీపురు వాడలేదు, వేలికొసలతో పూసింది. సారమ్మ జుట్టు చుట్టూ, చెవి కమ్మల చుట్టూ, మోకాలి చుట్టూ. ఎక్కడా ఒక్క చుక్క బిడ్డ ఒంటి మీద పడలేదు. నీళ్లు మాత్రం పాదం దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు.

గిద్యోనుకు ముందు ఒళ్లు మండింది. ఏడాది నిద్ర అది. ఆ నీలం కుదరడానికే ఒక వానాకాలం పట్టింది. "ఎంత పని చేసినవ్ అత్తమ్మా," అన్నాడు.

పెంటమ్మ తల తిప్పలేదు. బొమ్మలోని పాదం దగ్గర మిగిలిన కాస్త నీలాన్ని చిటికెన వేలితో తుడుస్తోంది.

"ఊరికి నీళ్లొస్తయో రావో నాకెర్క లేదు అల్లుడా. వాళ్లు ఊరు కోసం పూసిండ్రు. నేను గందుకు పూయలే." ఆ వేలిని కొంగుకు తుడుచుకుంది. "ఎన్నేండ్లాయె నా బిడ్డ నీళ్లల్ల కూసొని. సలికి ఎంత వణికిందో. నువ్వు సుత దాన్ని నీళ్లల్లనే కూసోబెడితివి."

గిద్యోను ఆమె పక్కన కూలబడ్డాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఇద్దరూ ఒకచోట ఏడ్చారు. వెనక నిలబడ్డ వాడంతా తల దించుకుంది. అక్కడ వదిలేసిన సున్నం కుండను సత్తయ్య చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని ఎక్కడ దాచాలో తెలియక వీపు వెనక పెట్టుకున్నాడు.

పట్నం పోను అన్నాడు గిద్యోను. సత్తయ్య వినలేదు. "పాడు చేసింది నేను, మోసేది నేను," అని సోమవారం పొద్దున నాలుగు బొమ్మలు తలకెత్తుకున్నాడు. పెద్దదాన్ని గిద్యోను చంకలో పెట్టుకున్నాడు. సాయంత్రానికి వెనక్కి తెస్తానని పెంటమ్మకు మాట ఇస్తేగాని ఆమె వదలలేదు.

పట్నంలో నుమాయిష్ హాలులో బాకర్ సాహెబు బొమ్మలు చూసి, ఆ తెలుపును వేలితో తడిమాడు. తిడతాడనుకుని గిద్యోను గుమ్మం వైపు జరిగాడు. సాహెబు వెళ్లి పెద్దమనుషులను పిలుచుకొచ్చాడు. వాళ్లు కళ్లద్దాలు పెట్టుకున్నారు, తీశారు, దూరం పోయి చూశారు, దగ్గరికొచ్చి చూశారు. ఆ తెలుపు శూన్యమని ఒకరన్నారు. కాదు, మరపు అని ఇంకొకరన్నారు. కాసేపు గట్టిగా వాదించుకుని, చివరికి అక్కడ నోరు మూసుకుని నిలబడ్డ సత్తయ్యను అడిగారు, ఈ తెలుపు ఏమిటి అని.

"సున్నం, సాబ్."

పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. ఒక్క మాటలో అంత నిజం చెప్పినవాణ్ని చూడలేదన్నారు. సత్తయ్యను కూచోబెట్టి చాయ్ ఇచ్చారు. నాలుగు బొమ్మలు నుమాయిష్‌కు ఉంచుకున్నారు. వచ్చే చలికాలం ఇంకో నుమాయిష్ ఉందట, ఇట్లాంటివే మరో పది కావాలట. పెద్దదానికి ఏమడిగినా ఇస్తామన్నారు.

"అది నాది కాదు సాబ్. మా అత్తది," అన్నాడు గిద్యోను.

ఇంకో పది ఎట్లా వేయాలో అతనికి తెలియలేదు. బస్సులో కళ్లు మూసుకుంటే పల్లె కనబడింది, సారమ్మ కనబడింది. నీళ్లు మాత్రం కనబడలేదు. ఆమె లేచి, ఒళ్లోని పిండి దులుపుకుని లోపలికి పోయింది. అతను ఉలిక్కిపడి లేచి, పక్కనున్న సత్తయ్య భుజం గట్టిగా పట్టుకున్నాడు.

వాళ్లు దిగేసరికి వాడంతా రోడ్డు మీద ఉంది. బండ్లు కట్టి ఉన్నాయి. నుమాయిష్ అంటే ఏమిటో గిద్యోను నిన్న గొంతు చించుకుని చెప్పాడు. అందరూ విన్నారు. ఎవరూ నమ్మలేదు.

"సాబులేమన్నరు కొడుకా?" అంది ముత్తమ్మ.

మళ్లీ మొదటినుంచి చెప్పాలని గిద్యోను నోరు తెరిచాడు. వాళ్ల మొహాలు చూశాడు. సత్తయ్య మొహం కూడా చూశాడు. పట్నం వచ్చి, అన్నీ చూసి, చాయ్ తాగిన సత్తయ్య కూడా అతని జవాబు కోసమే ఎదురుచూస్తున్నాడు.

"ఒప్పుకున్నరు. నీళ్లు రావన్నరు."

ముత్తమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఎవరో ఈల వేశారు. బండ్లు విప్పారు. సత్తయ్య తన దర్వాజను దింపి, ఆ సాయంత్రమే చౌకట్టు నిలబెట్టుకున్నాడు. పెంటమ్మ పెద్ద బొమ్మను ఎవరినీ ముట్టనీయకుండా తనే మోసుకుపోయి, పొయ్యికి దగ్గరగా, వెచ్చగా ఉండేచోట పెట్టింది.

ఆ ఏడు హిమాయత్‌నగర్‌కు నీళ్లు రాలేదు. వానలు కూడా రాలేదు గాని, దాన్ని ఎవరూ గిద్యోను లెక్కలో వేయలేదు.