బిగుతు ప్యాంటు వైద్యం

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, ఇంటి ముందరి దుకాణం తలుపులు తీయాలి, తన కోసం రెండు ప్యాంట్లు కుట్టుకోవాలి, వాటి పుణ్యమా అని చావు తప్పించుకోవాలి.

వీధిలో ఆయన్ని ఎదురుగా మాస్టారూ అని పిలిచేవారు, వెనక దిగులయ్య అనేవారు. అందులో అన్యాయమేమీ లేదు. కొత్త కోటు కుట్టి చేతిలో పెడుతూ, "ఎన్నాళ్లు తొడుక్కునే రాత ఉందో ఏమో, జాగ్రత్తగా వాడుకోండి," అనే మనిషి మరి! పైగా ఈమధ్య ఆ దిగులుకి గట్టి కారణమే దొరికింది. నాన్న యాభై అయిదో ఏట గుండె ఆగి పోయాడు. అన్నయ్య కూడా సరిగ్గా యాభై అయిదో ఏటే, భోజనం దగ్గర ఇంకాస్త కూర వెయ్యమని అడిగి, గరిటె కంచం దాకా వచ్చేలోపే పోయాడు. దర్జీకి ఇప్పుడు యాభై నాలుగు. నిన్న సాయంత్రం డాక్టరు ఆయన్ని బరువు మిషను ఎక్కించి, ముల్లు ఆగిన చోటు చూసి నిట్టూర్చాడు.

"మాస్టారూ, మూడు నెలల్లో పది కిలోలు తగ్గాలి. లేకపోతే మీ అన్నగారి దారే. దాచి చెప్పడం నాకు చేతకాదు."

"తగ్గాలనే ఉంటుందండీ. నోరు మాట వినదు."

"ఎందుకు వింటుంది? సుఖంగా ఉన్నంతకాలం ఏ మనిషీ మారడు. ఎక్కడో ఒకచోట ఇరుకుగా ఉండాలి. అప్పుడే కదులుతాడు."

డాక్టరు మాటవరసకి అన్నాడు. దర్జీ దాన్ని కొలతగా తీసుకున్నాడు. నలభై అంగుళాల నడుముకి ముప్పై ఆరు అంగుళాల ప్యాంట్లు రెండు, ఒకే తానులోంచి, మధ్యాహ్నానికల్లా కుట్టేశాడు. రోజు విడిచి రోజు ఒకటి. పాత ప్యాంట్లన్నీ మూటగట్టి అవసరమున్న వాళ్లకి ఇచ్చేశాడు. అయితే ముప్పై ఏళ్లుగా ఆ చెయ్యి ఏ ప్యాంటు కుట్టినా వెనక కుట్టులో అటు రెండు, ఇటు రెండు అంగుళాల గుడ్డ లోపలికి వదిలేది, రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి. ఈ ప్యాంట్లకీ అలాగే వదిలింది. ఇది శిక్ష అన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

ప్యాంటు పైకి రావడానికి గోడ సాయం కావలసి వచ్చింది. బొత్తం పెట్టేసరికి ముఖం కందగడ్డలా అయింది.

"ఏమండీ, అది మీదేనా?" అంది భార్య, వంటింటి గుమ్మంలోంచి.

"నాదే. రెండోసారి వడ్డించుకోబోతే ఇది పట్టుకుంటుంది. అప్పుడు చెయ్యి దానంతటదే ఆగుతుంది."

"ఊపిరి కూడా ఆగేలా ఉంది కదండీ!"

"ఆగితే ఆగనీ. ఎలాగూ ఆగేదే."

నాలుగు రోజులు నరకం కళ్లారా చూశాడు. కుట్టు మిషను ముందు సగం కుర్చీ మీద, సగం గాల్లో కూర్చున్నాడు. భోజనం సగంలోనే లేచిపోయాడు. నిజం చెప్పాలంటే వైద్యం చక్కగా పనిచేస్తోంది. ఇంకో నెల అలాగే సాగితే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు. కానీ అయిదో రోజు కిందపడ్డ కత్తెర తీయడానికి వంగి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ముఖం నీలం తిరిగింది. భార్య పరుగున వచ్చి బొత్తం ఊడబెరికి లేవదీసింది.

కొవ్వు చంపడం మాట అటుంచి ముందు ప్యాంటే చంపేలా ఉందని ఆవిడకి అర్థమైంది. ఆ మధ్యాహ్నం ఉతికి ఆరేసిన రెండో ప్యాంటు తీసుకుని వెనక కుట్టు విప్పి, అరంగుళం వదులు చేసి మళ్లీ కుట్టేసింది. ఆయన విడిచాక మొదటిదానికీ బొత్తం కుట్టి అదే చేసింది. ఆవిడకి కుట్టు నేర్పింది ఆయనే. ఇద్దరి కుట్టూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో ఆయనకే తెలియదు. ఒకటి రెండు వారాలు గడవనిచ్చి, నెమ్మదిగా మళ్లీ బిగించవచ్చు అనుకుంది.

మర్నాడు గోడ సాయం లేకుండానే బొత్తం పట్టింది.

"ఏమే! ఇలా రా! చూడు, వేలు దూరుతోంది!" దర్జీ దుకాణం దద్దరిల్లేలా అరిచాడు. "తగ్గానే! అయిదు రోజుల్లో తగ్గాను!"

అంటూ నవ్వాడు. అన్నయ్య పోయాక ఆ ఇంట్లో ఆయన నవ్వడం అదే మొదలు. నాలుక చివరి దాకా వచ్చిన నిజాన్ని ఆవిడ మింగేసింది.

"అవునండీ, తగ్గారు," అంది.

తగ్గిన మనిషికి కాస్త ఎక్కువ తినే హక్కు ఉంటుంది కదా. ఆ పూట ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు. వారం తిరిగేసరికి ప్యాంటు మళ్లీ బిగిసింది, ముఖం మళ్లీ వేలాడింది, ఆవిడ మళ్లీ అరంగుళం విప్పింది. టేపు పెట్టి చూసుకోరాదా అని ఎవరైనా అంటే, "ప్యాంటే చెబుతుంటే టేపు దేనికి?" అనేవాడు.

కబురు ఊరికే ఉంటుందా? ముందుగా రైల్వే టికెట్ల గుమాస్తా వచ్చాడు. ఆయన పొట్ట ఆయన కన్నా ముందు వచ్చింది. "మాస్టారూ, నాకూ ఒకటి పడెయ్యండి. నాలుగంగుళాలు తక్కువ," అన్నాడు. ఆ తర్వాత అయిదుగురు, ఆ పైన పదిమంది. గుమాస్తా ప్యాంటు ఇంటికి వెళ్లిన నాలుగో రోజున ఆయన భార్య సంచీతో వంటింటి తలుపు తట్టింది.

"అక్కయ్యగారూ, మా ఆయన కౌంటర్లో ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారట. టికెట్టు అడిగినవాడి మీదల్లా అరుస్తున్నారు. ఇంటికొచ్చి నా మీద. మాస్టారు ఎలా తగ్గారో నేను ఊహించాను లెండి. మీకు పుణ్యముంటుంది, మా ఆయనకీ తెలియకుండా కాస్త వదులు చేద్దురూ!"

కాదంటే తన గుట్టు కూడా బయటపడేలా ఉంది. ఆవిడ చేసి ఇచ్చింది. ఇక చూడండి! ముందు తలుపులోంచి బిగుతుగా బయటికి వెళ్లిన ప్యాంటల్లా నాలుగు రోజుల్లో వెనక తలుపులోంచి లోపలికి వచ్చేది. వీధిలో మగవాళ్లంతా నానాటికీ లావవుతూ, తగ్గినందుకు ఒకరినొకరు మెచ్చుకునేవారు. చివరికి డాక్టరు కూడా ఒక ప్యాంటు కుట్టించుకున్నాడు. డాక్టరుగారి భార్య స్వయంగా రాలేదు. పనిమనిషితో ప్యాంటూ, చీటీ పంపింది. చీటీలో, "ఒక్క అంగుళం. దయచేసి," అని ఉంది.

వీధి మొత్తంలో దర్జీ భార్య ఒక్కతే రోజురోజుకీ కుంగిపోయింది. నిజం చెబుదామని మూడుసార్లు ప్రయత్నించింది.

"ఏమండీ, మీతో ఒక మాట..."

"చెప్పు. ముందు ఇంకాస్త కూర వెయ్యి."

ఆ మాట వినగానే ఆవిడ చెప్పబోయింది మానేసి గరిటె అందుకునేది. వడ్డించి, అది ఆయన నోట్లోకి వెళ్లి, ఆయన మళ్లీ మాట్లాడేదాకా ఊపిరి పీల్చేది కాదు. ఆ తర్వాత తన కంచం ముందు కూర్చునేది గానీ ముద్ద దిగేది కాదు. మూడో నెల సగంలో ప్యాంట్ల లోపలి గుడ్డ కాస్తా అయిపోయింది. ఆవిడ ఏడుస్తూనే, మిగిలిన అదే తానులోంచి రెండు ముక్కలు కత్తిరించి అతుకులు వేసింది.

గడువు నాటికి దర్జీ తల ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు ఎదురొచ్చి చెయ్యి కలిపాడు.

"ఎక్కండి మాస్టారూ, ఎక్కండి!"

ఎక్కాడు. పది తగ్గవలసిన చోట ఆరు పెరిగాయి.

"మిషను పాడైనట్టుంది," అని డాక్టరు తను ఎక్కి చూశాడు. నాలుగు పెరిగాయి. "పాడైనట్టు ఏమిటి, పాడైపోయింది!" అని నర్సుని పిలిచి ఎక్కించాడు. నర్సు ఎప్పటిలాగే నలభై ఎనిమిది.

దర్జీ తెర వెనక్కి వెళ్లి ప్యాంటు విప్పి తిరగేశాడు. లోపల గుడ్డ లేదు, అతుకు ఉంది. కుట్టు అచ్చంగా తనదే, కానీ తను కుట్టలేదు. అలాంటి కుట్టు కుట్టగలిగిన మనిషి లోకంలో ఇంకొక్కరే ఉన్నారు.

"మాస్టారూ," తెర అవతల నుంచి డాక్టరు గొంతు నెమ్మదిగా వినిపించింది, "నాది కూడా కాస్త చూస్తారా?"

చూశాడు. ఆ తర్వాత డాక్టరు ఆయన గుండె చాలాసేపు విన్నాడు. విన్నది అస్సలు బాగాలేదనీ, మూడు నెలలు వృథా అయ్యాయనీ, మరో మూడు నెలలు దొరుకుతాయో లేదో తెలియదనీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

దర్జీ ఇంటికి వచ్చి ఇంకో ప్యాంటు తెచ్చి తిరగేసి భార్య ముందు విసిరాడు.

"నన్ను చంపుదామనుకున్నావటే?"

ఆవిడ గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. "చచ్చిపోకూడదనే విప్పానండీ. ఆ కత్తెర కోసం వంగిన రోజు మీ ముఖం మీరు చూసుకోలేదు. మర్నాడు మీరు నవ్వారు. ఆ నవ్వు పోతుందని చెప్పలేకపోయాను. పాపిష్టిదాన్ని, నాదే తప్పు."

ఆయన గట్టిగా అరవబోయాడు. అంతలో చూపు ఆవిడ జాకెట్టు భుజం మీద పడింది. ఎంత కోపంలో ఉన్నా దర్జీ కన్ను దర్జీ కన్నే. భుజం జారిపోతోంది, చేతిలో నాలుగు వేళ్ల ఖాళీ ఉంది.

"అది నేను కుట్టిందేనా?"

"మీరే. మొన్న చలికాలంలో."

"దాన్నెప్పుడు విప్పావు?"

"విప్పలేదండీ."

ఆయన మెడలోని టేపు తీసి ఆవిడ నడుము చుట్టూ వేశాడు. అప్పటి కొలత కన్నా అయిదంగుళాలు తక్కువ. మళ్లీ వేశాడు. అయిదే.

"సరిగ్గా తిని ఎన్నాళ్లయిందే?"

"మీరు ఇంకాస్త వెయ్యి అనడం మొదలుపెట్టినప్పటి నుంచీ. అలా అన్నప్పుడల్లా బావగారే కళ్లముందు మెదిలితే, ముద్ద ఎలా దిగుతుంది?"

దర్జీ పెళ్లయిన నాటి నుంచీ ముందు తనే పోతానని ధీమాగా ఉన్న మనిషి. ఆవిడ ముందు పోవచ్చునని, ఈ ఇంట్లో తను ఒక్కడే మిగలవచ్చునని ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడు తట్టింది, భయం వేసింది. అంత భయం తన గుండె గురించి విన్నప్పుడు కూడా వెయ్యలేదు.

ఆ పూట నుంచి ఆయన ఆవిడ ఎదురుగా కూర్చుని, తన కంచంలో సగం ఆవిడ కంచంలోకి తోసేవాడు. ఆవిడ చివరి ముద్ద మింగేదాకా లేచేవాడు కాదు. ఆవిడా తక్కువది కాదు. ఆయన వీధి చివరి దాకా నడిచి వస్తే తప్ప కంచం ముందు కూర్చునేది కాదు. మోకాళ్లు నొప్పులంటూ, వర్షమంటూ ఆయన నసిగేవాడు. ఆవిడ గుమ్మంలో ఖాళీ కడుపుతో నిలబడి ఉండడం చూడలేక, ఏడ్చుకుంటూ చెప్పులు వేసుకునేవాడు. ఏడుపు మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు.

మూడు నెలలు దొరికాయి. డాక్టరు ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని మిషను ఎక్కించాడు. ఆయన ఏడు కిలోలు తగ్గాడు, ఆవిడ ఏడు కిలోలు పెరిగింది. గుండె విని, పర్వాలేదు, కొన్నాళ్లు ఆడుతుందన్నాడు. దర్జీ భార్య చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అంతా బాగానే ఉంది," అన్నాడు డాక్టరు, ఇద్దరి లెక్కా ఒకే కాగితం మీద వేసి చూస్తూ, "మీ ఇంటి మొత్తం మీద చూసుకుంటే మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గలేదు."