బొంగరం అని పిలిచిందెవరు?

"ఈ భూప్రపంచంలో నేరం చేసి నా నుంచి తప్పించుకోవడానికి రెండే మార్గాలక్కా! ఒకటి, నేరం చేయకపోవడం. రెండు, నేను నిద్రపోతున్నప్పుడు చేయడం!"

కళ్ళజోళ్ళ షాపు కౌంటరు మీద మోచేయి ఆనించి తమ్ముడు ఈ ప్రకటన చేస్తుంటే అక్క తల పట్టుకుంది. తమ్ముడు పగలంతా పరుపుల షోరూములో పనిచేస్తాడు. పరుపు ఎంత మెత్తగా ఉందో కస్టమర్లకి పడుకుని చూపించడమే అతని ఉద్యోగం. కాబట్టి లోకంలో నేరాలన్నీ రెండో మార్గంలోనే జరిగిపోతున్నాయని అక్క అనుమానం. మిగిలిన టైములో అతను డిటెక్టివ్. బిరుదు డేగకన్ను. ఎవరిచ్చారని మాత్రం అడక్కండి. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒక్కడే.

ఇంకెప్పుడైనా అయితే నాలుగు తిట్టి పంపేసేదే. ఈసారి అక్కే కబురుపెట్టింది, ఎందుకంటే ఆమెకు నిజంగానే భయం వేసింది.

బుధవారం సాయంత్రం బస్టాపులో ఎవరో పెద్దాయన ఆమె కూతురిని ఆపి, "ఏమ్మా బొంగరం! పన్ను ఊడిందటగా? ఇవాళ ఈతకి వెళ్ళలేదే?" అన్నాడు. పదేళ్ళ పిల్ల. ఆయన్ని ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. బళ్ళో నేర్పినట్టే మారు మాట్లాడకుండా ఒక్క పరుగున షాపుకి వచ్చి అమ్మతో చెప్పింది. బొంగరం అన్నది ఇంట్లో పిలుచుకునే పేరు. పక్క బెంచీ పిల్లకి కూడా తెలియదు.

"ట్యాబులో ఎవరితో మాట్లాడావే?" అంది అమ్మ.

"ఎవరితోనూ లేదమ్మా. చెస్సు ఆడతాను, అంతే. అక్కడ కూడా నా అసలు పేరు పెట్టుకోలేదు. టీచరు వద్దంది."

"మరి ఆయనకెలా తెలిసింది? నేను చెప్పానా?"

ట్యాబు బీరువాలోకి వెళ్ళింది. తాళంచెవి అమ్మ పర్సులోకి వెళ్ళింది. ఆదివారం బొంగరం జట్టుకి ఆన్‌లైన్లో చెస్సు ఫైనలు. అది పోతున్నందుకు ఒక ఏడుపు, నిజం చెప్పినా అమ్మ నమ్మనందుకు ఇంకో ఏడుపు. ఆ రెండోదే పెద్దది.

కథంతా విని డేగకన్ను కనుబొమ్మలు ముడేశాడు. "ఇది అంతర్జాతీయ ముఠా పని. పంటిదాకా వచ్చారంటే ఆషామాషీ వాళ్ళు కాదు."

"పాలపన్నుతో ముఠాకేం పనిరా?"

"అదే కదక్కా కేసు!"

ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి, బీరువాలోంచి ట్యాబు తీయించి, దాని మీద ముఖానికి రాసుకునే పౌడరు డబ్బాలో సగం కుమ్మరించాడు.

"ఏం చేస్తున్నావు మామయ్యా?" అంది బొంగరం.

"డిజిటల్ పాదముద్రలు తీస్తున్నాను. ఎంతటి కరుడుగట్టిన నేరస్థుడైనా నెట్‌లో అడుగులు వదలకుండా పోలేడు!"

"అవి అద్దం మీద ఉండవు మామయ్యా. మనం పెట్టే ఫొటోలు, రాసే కబుర్లు, ఎప్పుడు ఎక్కడికి వెళ్తామో చెప్పే మాటలు, అవే మన అడుగులు. వాటిని పట్టుకుని ఎవరైనా మన గుమ్మందాకా వచ్చేయొచ్చని టీచరు చెప్పింది."

"మీ టీచరుది థియరీ, నాది ప్రాక్టికల్. ఇన్నేళ్ళుగా ఈ రహస్య వృత్తిలో ఉన్నాను. నా జాడ నాకే దొరకదు!" అంటూ అతను పౌడరు ట్యాబుని, వెనక నిలబడ్డ పిల్లనీ కలిపి టక్కున ఒక సెల్ఫీ తీసుకున్నాడు.

"అదెందుకు?"

"సాక్ష్యం. భద్రపరచాలి."

శనివారం సాయంత్రం అదే బస్టాపులో మాటు వేయాలన్నది డేగకన్ను వ్యూహం. "ఈ సంగతి మన ముగ్గురికీ తప్ప నాలుగో మనిషికి తెలిస్తే ఆపరేషన్ ఆవిరైపోతుంది," అని గుసగుసగా హెచ్చరించాడు. ఆ గుసగుసకి పక్కింటి కిటికీ తెరుచుకుంది.

కూతురి చెయ్యి వదిలితే ఒట్టు అన్నట్టు గట్టిగా పట్టుకుని అక్క బస్టాపు బెంచీ మీద కూర్చుంది. తమ్ముడు మారువేషంలో వచ్చాడు. వేషమంటే, షాపులో ఎవరో కస్టమరు కోసం తయారుచేసి పెట్టిన సోడాబుడ్డి కళ్ళద్దాలు.

"అవి పెట్టుకుంటే నిన్నెవరూ గుర్తుపట్టరు, సరే. నువ్వెవర్ని గుర్తుపడతావురా?"

"డేగకి అద్దాలతో పనిలేదక్కా!" అంటూ అతను చేతులతో గాలిని తడుముకుంటూ ముందుకు సాగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, ఎర్రచొక్కా వేసుకున్న పొట్టి మనిషి ఒకడు దారికి అడ్డంగా నిలబడ్డాడు. డేగకన్ను అమాంతం వాణ్ణి వాటేసుకున్నాడు.

"దొరికావురా! నీ ఆట కట్టు! మర్యాదగా నోరు విప్పు!"

పోస్టుబాక్సు నోరు ఎలాగూ తెరుచుకునే ఉంది. అయినా ఒక్క ముక్క చెప్పలేదు. బెంచీ మీద అక్కకు భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

అప్పుడు వెనకనుంచి ఎవరో అతని భుజం తట్టారు. "సార్! డేగకన్ను గారు తమరేనా? మాటు అయిదింటికని రాశారు కదా, చోటు దొరకదేమోనని ముందే వచ్చేశాను. ఒక్క ఫొటో సార్!"

"అమ్మా, ఆయనే!" అంది బొంగరం.

అక్క గబుక్కున లేచి నిలబడింది. తమ్ముడు అద్దాలు తీసి కళ్ళు నులుముకున్నాడు. "రాశానా? నేనెక్కడ రాశాను?"

"మీ పేజీలో సార్! రైలు గార్డుగా రిటైరయ్యాను, పొద్దుపోదు. మీ కేసులు ఒక్కటీ వదలను." పెద్దాయన ఫోను తెరిచి భక్తిగా చదివాడు. "'నా మేనకోడలు బొంగరానికి పన్ను ఊడింది. ఆ పన్ను మీద వేలిముద్రలు తీశాను.' 'ప్రతి బుధవారం నాలుగింటికి ఆమెను ఈతకి దింపే బాధ్యత నాదే. శత్రువులారా, ఖబడ్దార్!' ఇదిగో సార్, బడి గేటు ముందు యూనిఫాంలో పాప ఫొటో. మొన్న బస్టాపులో చూడగానే గుర్తుపట్టి పలకరించాను. పరుగెత్తితే బస్సు కోసమేమో అనుకున్నాను తల్లీ."

ఇంతలో బస్టాపు నిండా జనం. ఫోన్లు ఎత్తి పట్టుకుని, "బొంగరమంటే ఈ పాపేనా?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. అందరూ ఆ పోస్టు చూసి వచ్చినవాళ్ళే. అక్క కూతురిని వెనక్కి లాక్కుని, ఫోన్లకి తన పమిట అడ్డం పట్టింది.

"మామయ్యా," అంది బొంగరం ఆ పమిట వెనకనుంచి, "వీళ్ళంటే వచ్చారు కాబట్టి తెలిసింది. చదివి రానివాళ్ళు ఎంతమంది?"

డేగకన్ను సోడాబుడ్డి అద్దాలు జేబులో పడేసి, రెండు చేతులూ చాచి తనూ ఫోన్లకి అడ్డం నిలబడ్డాడు.

షాపుకి వచ్చి షట్టరు సగం దించాక అక్క ముందు తమ్ముణ్ణి కడిగి పారేసింది. తరవాత కూతురి ముందు కూర్చుంది. ఆమెకు చచ్చేంత సిగ్గుగా ఉంది. తమ్ముడి గొప్పలు భరించలేక ఆ పేజీ ముఖమే చూడలేదు తను. చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది.

"తప్పు నాదేనమ్మా. నువ్వు చెయ్యాల్సిందంతా సరిగ్గా చేశావు. వచ్చి నాకే చెప్పావు. నేనే నమ్మలేదు." పర్సులోంచి తాళంచెవి తీసి ఆమె పిల్ల చేతిలో పెట్టింది. బొంగరం అమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, రేపటి ఆటకి తన పక్కనే కూర్చోమంది.

ఆ తరవాత మామయ్య ఫోను తీసుకుని ఒక్కో పోస్టూ చెరిపించింది. "తీసేసినా ఎవరైనా దాచుకుని ఉంటే పోవు. మనకి దొరికినవైనా తీసేద్దాం," అంది. కూడా వచ్చిన పెద్దాయన తన ఫోనులో దాచుకున్నవి తనే చెరిపేశాడు. ఒక్కో కేసు పోతుంటే డేగకన్ను మూలిగాడు గానీ అడ్డుపడలేదు.

అంతా అయ్యాక బిక్కముఖం పెట్టి అడిగాడు. "ఈ కేసు ఛేదించినట్టు ఒక్క పోస్టు పెట్టుకోనా కోడలు పిల్లా?"

"పెట్టుకో. నా పేరు, ఫొటో, ఇల్లు, బడి, ఎప్పుడెక్కడ ఉంటామో, ఏమీ ఉండకూడదు."

డేగకన్ను చాలాసేపు గోళ్ళు కొరుక్కుని, రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, ముగ్గురికీ చూపించి అనుమతి తీసుకుని పెట్టాడు: "ఎక్కడో, ఎవరికో, ఏదో జరిగింది. నేను ఛేదించాను."

పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన వెంటనే లైకు కొట్టాడు.